హాస్టళ్ల రాజు ఛత్రపతి షాహూ మహరాజ్

మన దేశంలో రాజులు కోటలు కట్టారు, గుళ్లు కట్టారు, చెరువులు తవ్వించారు. ఊరి పిల్లలు పట్నంలో ఉండి చదువుకోవడానికి హాస్టళ్లు పెట్టించి చరిత్రలో నిలిచిన రాజులు మాత్రం చాలా అరుదు. అలాంటి వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు కొల్హాపూర్ పాలకుడు ఛత్రపతి షాహూ మహరాజ్. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనం ఆయన జీవితం తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

బాల్యం, శిక్షణ

షాహూ మహరాజ్ 1874 జూన్ 26న కాగల్‌లోని ఘాట్గే కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యశ్వంతరావు. కొల్హాపూర్ రాజు నాల్గవ శివాజీ సంతానం లేకుండా మరణించడంతో, ఆయన భార్య ఆనందీబాయి 1884లో ఈ బాలుడిని దత్తత తీసుకున్నారు. పన్నెండేళ్లు నిండకముందే ఆయన కన్నతల్లినీ, కన్నతండ్రినీ కోల్పోయారు.

రాజ్‌కోట్‌లోని రాజకుమార కళాశాలలో కొంతకాలం చదివారు. ఆ తర్వాత ధార్వాడ్‌లో ఫ్రేజర్ అనే ఆంగ్లేయ అధికారి దగ్గర చరిత్ర, పాలనా వ్యవహారాలు నేర్చుకున్నారు. 1894 ఏప్రిల్ 2న రాజ్యభారం స్వీకరించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కొల్హాపూర్ పెద్ద రాజ్యం కాదు. సుమారు తొమ్మిది లక్షల జనాభా. పైన బ్రిటిష్ వారి పెత్తనం. అయినా ఆ చిన్న రాజ్యంలోనే ఆయన పెద్ద పనులు చేసి చూపించారు.

లెక్క చూసిన రాజు

గద్దె ఎక్కగానే ఆయన కంటపడింది ఉద్యోగాల లెక్క. పాలనా శాఖలో 71 పదవులు ఉంటే 60 ఒక్క బ్రాహ్మణ వర్గం చేతిలోనే ఉన్నాయి. జనాభాలో అత్యధికులైన రైతులు, చేతివృత్తుల వారు, ముస్లింలు, అంటరానివారుగా ముద్ర పడిన వారు కచేరీ గడప దాటి లోపలికి వెళ్లే పరిస్థితే లేదు. కారణం అడిగితే ఆ వర్గాల్లో చదివినవారు లేరన్న జవాబు సిద్ధంగా ఉండేది. చదివినవారు ఎందుకు లేరు అన్న దగ్గర ఆయన ఆలోచన మొదలైంది.

1899లో జరిగిన ఒక సంఘటన ఆయన ఆలోచనకు మరింత పదును పెట్టింది. కార్తీక మాసంలో పంచగంగ నదిలో స్నానానికి వెళ్లినప్పుడు పురోహితుడు వేదమంత్రాలు కాకుండా పురాణ మంత్రాలు చదువుతున్నాడని తెలిసింది. రాజును శూద్రుడిగా లెక్కగట్టడమే దానికి కారణం. వేదోక్త వివాదంగా పేరుపడిన ఈ గొడవ ఏళ్ల తరబడి సాగింది. సింహాసనం మీద కూర్చున్నవాడికే ఈ మర్యాద అయితే, ఊరి చివరి గుడిసెలో పుట్టిన పిల్లవాడి మాట చెప్పనక్కరలేదు.

హాస్టళ్లు ఎలా పుట్టాయి?

బడి పెడితే చాలదని షాహూ మహరాజ్ త్వరలోనే గ్రహించారు. హైస్కూలు, కాలేజీ కొల్హాపూర్ పట్నంలో ఉన్నాయి. పిల్లలేమో పల్లెల్లో ఉన్నారు. పట్నంలో బంధువులు ఉన్నవాడికి, అద్దె కట్టగలిగినవాడికి చదువు అందుతుంది. మిగిలినవాడికి తిండి ఎక్కడ? రాత్రి పడుకునేది ఎక్కడ? అంటరాని కులంలో పుట్టిన పిల్లవాడికైతే డబ్బున్నా ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు.

అందుకే 1896లో అన్ని కులాల విద్యార్థులకూ కలిపి ఒక వసతి గృహం పెట్టించారు. కాగితం మీద అది అందరిదీ. కానీ కొన్నేళ్లు గడిచేసరికి అందులో మిగిలింది ఎక్కువగా అగ్రకుల విద్యార్థులే. ఎవరి కోసం పెట్టారో వారికి అందలేదు. ఇక్కడే ఆయన నాయకత్వం ఏమిటో తెలుస్తుంది. మంచి ఉద్దేశంతో చేశాం కదా అని ఆయన సరిపెట్టుకోలేదు. ఫలితం ఎవరికి చేరిందో చూశారు. చేరలేదని తెలిశాక దారి మార్చారు.

1901లో విక్టోరియా మరాఠా బోర్డింగు మొదలైంది. అదే కాలంలో జైన విద్యార్థులకు ఒకటి వచ్చింది. 1906లో ముస్లిం విద్యార్థుల కోసం ఏర్పడిన విద్యా సంఘానికి ఆయనే స్వయంగా అధ్యక్షులుగా ఉన్నారు. లింగాయతులకు, దర్జీ కులస్తులకు, స్వర్ణకారులకు, క్రైస్తవులకు ఇలా ఒక్కొక్కటిగా వసతి గృహాలు వెలిశాయి. 1908లో అంటరాని కులాల పిల్లల కోసం మిస్ క్లార్క్ హాస్టలు ప్రారంభమైంది. అప్పటి బొంబాయి గవర్నర్ కుమార్తె పేరు దానికి పెట్టారు. స్థలాలు, భవనాలు, ఏటా గ్రాంట్లు దర్బారు నుంచి అందేవి. నడిపించే బాధ్యతలో ఆయా వర్గాల పెద్దలను భాగం చేశారు. ఆయన కాలం ముగిసేనాటికి ఇరవై వరకు హాస్టళ్లు ఏర్పడ్డాయి. విద్యార్థి వసతి గృహాలకు కొల్హాపూర్ తల్లి లాంటిదని మహారాష్ట్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కులానికో హాస్టలు పెడితే కులభేదాలు పెరగవా అన్న విమర్శ వచ్చింది. అది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. కానీ ఒకే పంక్తిలో కూర్చుని తినడానికి పెద్దలు ఒప్పుకోని రోజుల్లో, అందరూ మారేదాకా ఆగితే ఒక తరం పిల్లలు చదువు లేకుండా పోతారు. ముందు పిల్లవాడిని బడికి దగ్గరగా తేవాలి, గోడలు తర్వాత పడగొట్టాలి. ఆయన చేసిన పనుల వరుస చూస్తే ఈ ఆలోచనే కనిపిస్తుంది. 1919లో ఆ రెండో పనికీ పూనుకున్నారు. అంటరాని పిల్లల కోసం విడిగా ఉన్న బడులను రద్దు చేసి, వారిని మిగతా పిల్లలతో పాటు అవే బడుల్లో చేర్చుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఉత్తర్వు ఇచ్చి ఊరుకోలేదు

1902 జూలై 26న షాహూ మహరాజ్ ఒక చారిత్రక ఉత్తర్వు జారీ చేశారు. అప్పటికి ఆయన ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం కోసం ఇంగ్లండులో ఉన్నారు. ఇకమీదట ఖాళీ అయ్యే ఉద్యోగాల్లో సగం వెనుకబడిన వర్గాలకే ఇవ్వాలన్నది దాని సారాంశం. ఆ ఉత్తర్వులో మరో ముఖ్యమైన సంగతి ఉంది. చేసిన నియామకాలన్నిటి వివరాలను ప్రతి మూడు నెలలకూ శాఖాధిపతులు పంపించాలి. అంటే నిర్ణయం ఒక్కటే కాదు, అది అమలవుతోందో లేదో తెలుసుకునే దారి కూడా అందులోనే పెట్టారు. రిజర్వేషన్ల చరిత్రలో తొలి మైలురాళ్లలో ఇదొకటి.

చదువు విషయంలోనూ అంతే. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య కోసం కేంద్ర శాసన మండలిలో బిల్లు పెడితే అది నెగ్గలేదు. బరోడా పాలకుడు శాయాజీరావు మాత్రం 1906లోనే తన రాజ్యంలో దాన్ని అమలు చేశారు. షాహూ మహరాజ్ 1917లో కొల్హాపూర్ రాజ్యంలో ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేశారు. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రులకు నెలకు ఒక రూపాయి జరిమానా. ఆ రోజుల్లో పేదవాడికి రూపాయి అంటే మాటలు కాదు. పిల్లవాడు పశువుల వెంట వెళితే వచ్చే కూలి కంటే బడికి వెళ్లడమే ముఖ్యమని ఇంట్లోవాళ్లు అనుకునేలా చేయడానికే ఈ కట్టుదిట్టం.

చదువుతో పాటు మిగతా సంస్కరణలూ సాగాయి. వితంతు వివాహాలకు, కులాంతర వివాహాలకు చట్టాలు చేశారు. మహార్ల చేత వెట్టి చేయించే వతన్ పద్ధతిని తీసేశారు. గంగారాం కాంబ్లే అనే దళితుడు కొల్హాపూర్‌లో టీ హోటలు పెడితే ఎవరూ అటువైపు వెళ్లలేదు. మహరాజే తన బగ్గీని ఆ హోటలు ముందు ఆపించి టీ తాగేవారు. ఉపన్యాసాల కంటే ఆ ఒక్క కప్పు టీ ఎక్కువ పనిచేసింది.

అంబేద్కర్‌కు అండ

1920 జనవరిలో డాక్టర్ అంబేద్కర్ మూక్‌నాయక్ పత్రిక మొదలుపెట్టినప్పుడు షాహూ మహరాజ్ 2,500 రూపాయల సాయం చేశారు. అదే ఏడాది మార్చిలో కాగల్ జాగీరులోని మాణగావ్‌లో జరిగిన అంటరానివారి మహాసభకు అంబేద్కర్ అధ్యక్షత వహించారు. ఆ సభకు మహరాజ్ స్వయంగా వచ్చి, మీ నాయకుడు మీకు దొరికాడని ప్రజలకు చెప్పారు. అప్పటికి అంబేద్కర్ వయసు 28 ఏళ్లు. ఒక రాజు సింహాసనం దిగివచ్చి, తన కంటే చిన్నవాడైన దళిత మేధావిని నాయకుడిగా చూపించడం సామాన్యమైన విషయం కాదు.

ఒక హాస్టలు విద్యార్థి కథ

షాహూ మహరాజ్ కాలంలో కొల్హాపూర్ జైన బోర్డింగులో ఉండి చదువుకున్న భావూరావ్ పాటిల్ గురించి కూడా చెప్పుకోవాలి. మిస్ క్లార్క్ హాస్టలు ప్రారంభ సభకు వెళ్లివచ్చిన ఆయన, మైల పోవడానికి స్నానం చేయాలన్న నిబంధనను పాటించలేదని, అందుకే బోర్డింగు నుంచి పంపేశారని చెబుతారు. ఆ విద్యార్థే పెద్దయ్యాక 1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించారు. 1924లో సతారాలో అన్ని కులాల పిల్లలూ కలిసి ఉండి, కలిసి వండుకుని, కలిసి తినే హాస్టలు పెట్టారు. 1927లో గాంధీజీ చేతుల మీదుగా దానికి షాహూ మహరాజ్ పేరే పెట్టించారు. కొల్హాపూర్‌లో ఎవరి గదుల్లో వారు ఉన్న పిల్లలు, ఒక తరం తిరగకముందే సతారాలో ఒకే కప్పు కిందికి వచ్చారు. 1896లో షాహూ మహరాజ్‌కు సాధ్యం కానిది ఇలా సాధ్యమైంది.

షాహూ మహరాజ్ 1922 మే 6న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 47 ఏళ్లు మాత్రమే. 28 ఏళ్ల పాలనలో ఆయన గెలిచిన యుద్ధం ఒక్కటీ లేదు. ఆయన జయంతి జూన్ 26ను మహారాష్ట్రలో సామాజిక న్యాయ దినంగా జరుపుకుంటున్నారు.

మిత్రులారా, మనకు దొరికిన ఈ మంచం, ఈ పూట భోజనం, ఈ స్టడీ అవర్ ఎవరో దయతలచి వేసిన భిక్ష కాదు. బడి ఉన్నంత మాత్రాన చదువు రాదని, పిల్లవాడికి నిలువ నీడ కూడా కావాలని తెలుసుకున్న మహానుభావులు పోరాడి సాధించిన హక్కు. మన హాస్టల్లో ఏ గదిలోనైనా ఒక తమ్ముడు చదువు మానేసి ఇంటికి వెళ్లిపోవాలనుకుంటే, ఎందుకు వెళుతున్నాడో అడిగి తెలుసుకుందాం. షాహూ మహరాజ్ మొదట చేసిన పని కూడా అదే. ఎవరు రాలేదో చూశారు, ఎందుకు రాలేదో అడిగారు. ఆ పని మనం కొనసాగించడమే ఆ మహనీయునికి మనమిచ్చే నిజమైన నివాళి.