బొమ్మలు ఆమెవి, పేరు వేరేవాళ్లది

టారో కార్డుల గురించి మీరు వినే ఉంటారు. జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులు అవి. జోస్యాల మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ జీవితం మాత్రం మనం తెలుసుకోదగినది.

టారో పుట్టింది జోస్యం కోసం కాదు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో అది ఒక పేకాట. మొత్తం 78 ముక్కలు. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో కొందరు ఏ ఆధారమూ లేకుండా దాన్ని ప్రాచీన ఈజిప్టు విద్యగా ప్రచారం చేశారు. అప్పటి నుంచి జోస్యానికి వాడడం పెరిగింది.

పమేలా 1878 ఫిబ్రవరి 16న లండన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు అమెరికన్లు. బాల్యం మాంచెస్టర్‌లోను, జమైకాలోను గడిచింది. 15 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రకళ చదవడానికి చేరారు. 1896లో తల్లి మరణించారు. డిగ్రీ చేతికి రాకుండానే చదువు ఆగిపోయింది. 1899లో తండ్రి కూడా పోయారు. 21 ఏళ్లకే తల్లీతండ్రీ లేనివారయ్యారు.

అయినా ఆమె కుంగిపోలేదు. జమైకా జానపద కథలను తన బొమ్మలతో పుస్తకంగా తెచ్చారు. లండన్ నాటకరంగంలో పనిచేశారు. 1903లో సొంతంగా ఒక పత్రిక మొదలుపెట్టి 13 సంచికలు నడిపారు. 1907లో న్యూయార్క్‌లో స్టీగ్లిట్జ్ అనే ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ తన గ్యాలరీలో ఆమె చిత్రాలను ప్రదర్శించారు. ఫొటోలు తప్ప వేరేవి పెట్టని ఆ గ్యాలరీలో అదే తొలి చిత్రకళా ప్రదర్శన.

1909లో వెయిట్ అనే రచయిత ఆమెకు టారో బొమ్మల పని అప్పగించారు. అంతకుముందు కట్టల్లో అంకెల ముక్కల మీద సాధారణంగా కత్తులో, కప్పులో లెక్కకు సరిపడా గీసి వదిలేసేవారు. పమేలా వాటిలోనూ మనుషులను, వాళ్ల బతుకులను చూపించారు. ఒక ముక్క మీద బల్ల ముందు కూర్చుని నాణేలు చెక్కే పనివాడు. మరో ముక్క మీద వెలుగుతున్న చర్చి కిటికీ కింద మంచులో నడిచిపోయే ఇద్దరు నిరుపేదలు! కొద్ది నెలల్లోనే పని ముగించారు. దక్కింది మాత్రం చాలా తక్కువ. చేసింది పెద్ద పని, వచ్చింది కొద్ది డబ్బు అని ఆమే స్టీగ్లిట్జ్‌కు రాసుకున్నారు. ఆ కట్ట ప్రచురణకర్త పేరుతో, రచయిత పేరుతో 'రైడర్-వెయిట్'గా ప్రసిద్ధికెక్కింది. ఆమె పేరు లేదు.

1951 సెప్టెంబర్ 18న ఇంగ్లండ్‌లోని బ్యూడ్ పట్టణంలో ఆమె కన్నుమూశారు. అప్పులు తీర్చడానికి ఆమె సామాన్లు అమ్మేశారు. సమాధి ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. తరువాత ఆ కట్టలు లక్షల్లో అమ్ముడుపోయాయి.

అయితే పమేలా ఒక మంచి పని చేశారు. తన పేరు పొడి అక్షరాలను అల్లి, బొమ్మల మూలన చిన్న గుర్తుగా వేశారు. పెట్టె మీద లేని పేరు బొమ్మలోనే మిగిలింది. శతాబ్ది సందర్భంగా 2009లో ఆమె పేరుతోనే ప్రత్యేక కట్ట వెలువడింది.

మా నాన్న తాపీమేస్త్రీ. మా ఊరి బడి గోడలు ఆయన కట్టినవే. శిలాఫలకం మీద ఆయన పేరు లేదు. పమేలా కథ చదివినప్పుడు నాకు ఆ గోడలే గుర్తొచ్చాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన గోడపత్రికకు బొమ్మ వేసినా, కవిత రాసినా కింద మీ పేరు రాయండి. అది గొప్పకు కాదు. ఆ పని మీది కాబట్టి.