పదవిలో లింకన్ పడిన కష్టములు

పదవిలో ఉండగా అందరికన్న ఎక్కువ కష్టములు పడిన దేశ నాయకుడెవరని అడిగిన యెడల మేము చెప్పు పేరు అబ్రహాం లింకన్. దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టి అమెరికా అధ్యక్షుడయ్యెనని మనమందరము బడిలో చదువుకొన్నదే. ఆ పదవి ఆయనకు ఎంత భారమయ్యెనో అంతగా చెప్పుకొనము.

ఆయన 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రములో జన్మించెను. తల్లిదండ్రులు బాప్టిస్టు సంఘస్థులు. తొమ్మిదవ ఏట తల్లి మరణించెను. బడిలో చదివిన కాలమంతా కలిపినను సుమారు ఒక్క సంవత్సరమే. స్వయంకృషితో న్యాయవాది అయ్యెను.

1860 నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 1861 మార్చి 4న ప్రమాణము చేయులోగానే, బానిసత్వమును నిలుపుకొనుటకు ఏడు దక్షిణ రాష్ట్రములు విడిపోయినవి. దారిలో చంపుదురన్న వార్త రాగా ఆయన రాత్రివేళ రహస్యముగా వాషింగ్టన్ చేరవలసి వచ్చెను. ఏప్రిల్ 12న యుద్ధము మొదలయ్యెను. మరి నాలుగు రాష్ట్రములు విడిపోయినవి. నాలుగేండ్ల ఆ పోరులో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించిరి.

ఇంటిలోనూ శాంతి లేదు. 1862 ఫిబ్రవరి 20న పదకొండేండ్ల కుమారుడు విల్లీ జ్వరముతో వైట్‌హౌస్‌లోనే చనిపోయెను. భార్య మేరీ ఆ దుఃఖమునుండి తేరుకొనలేదు. ఆమె సోదరులు కొందరు ఎదుటి పక్షమున పోరాడుచుండగా లోకులు ఆమెనే అనుమానించిరి. తండ్రికి మాత్రము ఏడ్చుటకైనను తీరిక లేదు.

1863 జనవరి 1న ఆయన బానిసల విమోచన ప్రకటన చేసెను. అది మితిమీరినదని కొందరు, చాలదని కొందరు నిందించిరి.

అన్నిటికన్న గొప్ప పరీక్ష 1864లో వచ్చెను. జనులు యుద్ధముతో విసిగిపోయిరి. లింకన్ తప్పక ఓడునని సొంత పక్షమువారే చెప్పిరి. ఆయన తొలగించిన సేనాని మెక్లెల్లన్ ఆయనపై పోటీకి సిద్ధమగుచుండెను. యుద్ధము పేరు చెప్పి ఎన్నికలను ఆపవచ్చును గదా! ఆయన ఆపలేదు. ఆగస్టు 23న ఒక కాగితము వ్రాసి, మడిచి, లోపలి మాట చూపకుండగనే మంత్రులచేత సంతకములు చేయించెను. తాను ఓడినట్లయితే, గెలిచినవాడు పదవి చేపట్టువరకు అతనితో కలిసి దేశమును కాపాడుట తన విధియని అందులో వ్రాసియుండెను.

సెప్టెంబరులో అట్లాంటా నగరము ఆయన సేనల వశమయ్యెను. నవంబరులో ప్రజలు ఆయననే మరల ఎన్నుకొనిరి. బానిసత్వమును రద్దుచేయు రాజ్యాంగ సవరణను 1865 జనవరి 31న ప్రతినిధుల సభ ఆమోదించెను. ఏప్రిల్ 9న దక్షిణ సేనాధిపతి లీ లొంగిపోయెను. అయిదు దినములకే, శుభ శుక్రవారము రాత్రి, నాటకశాలలో లింకన్‌ను ఒకడు కాల్చెను. మరునాటి ఉదయము ఆయన కన్నుమూసెను. అప్పటికి వయస్సు 56.

కష్టములు పడిన నాయకులు ఎందరో కలరు. కష్టమును సాకుగా చూపి కుర్చీని పట్టుకొని కూర్చున్నవారును కలరు. ఓటమి ఎదురుగా కనబడుచున్నను, ఆ కుర్చీ ప్రజలదేయని ఒప్పుకొని సిద్ధపడినందుననే మేము లింకన్‌ను ముందు చెప్పుకొనుచున్నాము.