పాఠ్యపుస్తకం పక్కన మరో పుస్తకం: డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

పరీక్షలు దగ్గరపడ్డ ఇంట్లో పిల్లవాడి చేతిలో కథల పుస్తకం కనబడితే మనలో చాలామందిమి కోప్పడతాం. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. తంగెళ్లమూడిలో మగ్గం ముందు కూర్చుని తివాచీకి ముడి మీద ముడి వేసే తండ్రికి గానీ, తాడేపల్లిగూడెంలో చిన్న కొట్టు పెట్టుకున్న తండ్రికి గానీ, కొల్లేటి పల్లెల్లో కూలి చేసుకునే తల్లికి గానీ ఒక ఏడాది ఫీజంటే ఏమిటో తెలుసు. ఆ ఏడాది వృథా అయితే మళ్లీ కట్టే స్తోమత అందరికీ ఉండదు. అందుకే ముందు పాఠం చదువు, ఆ పనికిరాని పుస్తకం తర్వాత అంటాం. ఆ తర్వాత అనేది మాత్రం ఎప్పటికీ రాదు. పదో తరగతి అయ్యాక ఇంటర్, ఇంటర్ అయ్యాక నీట్ లేదా ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష, అది అయ్యాక ఉద్యోగ పరీక్ష. ఇరవై అయిదేళ్లు వచ్చేసరికి పుస్తకం అంటే పరీక్ష, పరీక్ష అంటే భయం అన్నంతవరకు వస్తుంది.

ఈ చిక్కుకు జవాబు ఉపదేశాల్లో వెతకడం కన్నా ఒక మనిషి జీవితంలో వెతకడం మేలని మాకు తోచింది. అందుకే ఈ సంచికలో మర్హూం డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి జీవితాన్ని మన సభ్యుల ముందు, ముఖ్యంగా మన పిల్లల ముందు పెడుతున్నాం. ఆయన భారతదేశానికి మూడవ రాష్ట్రపతి అని అందరికీ తెలుసు. ఆయన ఎలా చదువుకున్నారో తెలిసినవాళ్లు తక్కువ.

జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే పుట్టారు. వారి పెద్దలు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా స్థిరపడి పేరు తెచ్చుకున్నారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. 1907లో, పిల్లవాడికి పదేళ్లప్పుడు తండ్రి పోయారు. కుటుంబం కాయంగంజ్‌కు తిరిగి వెళ్లింది. నాలుగేళ్లు తిరగకముందే, 1911లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. అప్పటికి ఆ కుర్రవాడు ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు హాస్టల్లో ఉంటున్నాడు. తల్లీ తండ్రీ లేని పిల్లవాడికి బడి ఇల్లయింది, పుస్తకం తోడయింది.

ఇటావా రోజుల్లోనే ఆయనకు రెండు అలవాట్లు పడ్డాయి. ఒకటి పత్రిక. 1911లో ఇటలీ ట్రిపోలీ మీద యుద్ధానికి దిగినప్పుడు ఆ వార్తల కోసం కుర్రవాడు రైల్వే స్టేషను దాకా పోయి పత్రిక తెచ్చుకుని, తోటివాళ్లకు ఆ కబుర్లు చెప్పేవాడు. ఏ పరీక్షలోనూ ఆ ప్రశ్న రాదు. అయినా ప్రపంచం ఎంత పెద్దదో ఆ హాస్టల్లో తెలిసింది. రెండోది హసన్ షా అనే సూఫీ ఫకీరు సహవాసం. ఆయనకు పుస్తకాల పిచ్చి. కొనలేని పుస్తకాలను రాయించుకునేవారు. ఆ నకళ్లు రాసిపెట్టిన చేతుల్లో జాకిర్ చెయ్యి కూడా ఒకటి. పుస్తకాన్ని చేత్తో రాసినవాడికి దాని విలువ వేరేగా తెలుస్తుంది.

1913లో అలీగఢ్ కాలేజీలో చేరారు. మొదట డాక్టరు కావాలని సైన్సు తీసుకున్నారు. మన ఇళ్లలో ఇప్పుడు ఎంతమంది పిల్లలు ఇదే దారిలో ఉన్నారో చెప్పనక్కరలేదు. మధ్యలో జబ్బు చేసింది, చదువు ఆగింది, ఒక ఏడాది పోయింది. ఆ తర్వాత ఆయన సైన్సు వదిలి ఆర్ట్సు వైపు వచ్చి 1918లో బి.ఏ. పూర్తిచేశారు. పోయిన ఏడాది ఆయన్ని ముంచలేదు. కానీ ఇక్కడ పిల్లలు ఒక సంగతి గమనించాలి. ఇష్టమైన పుస్తకాలు చదువుతున్నానని ఆయన పట్టా వదిలిపెట్టలేదు. ఎక్కిన మెట్టు పూర్తిగా ఎక్కారు. కాలేజీలో వక్తగా పేరుపొందారు, స్నేహితులు ఆయన్ని ముర్షిద్ అని పిలిచేవారు. ఆ మాటకారితనం పాఠ్యపుస్తకం ఒక్కటే చదివితే వచ్చేది కాదు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాలను వదిలి రమ్మని పిలుపునిచ్చారు. ఆ పిలుపు విన్నవారిలో జాకిర్ హుస్సేన్ ఒకరు. అదే నెల 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. చేతిలో ఉన్న భద్రమైన దారి వదిలి, గోడలు కూడా సరిగా లేని ఆ విద్యాలయంలో ఆయన చేరారు. ప్లేటో రాసిన రిపబ్లిక్‌ను ఆయన ఉర్దూలోకి అనువదించారు. అర్థశాస్త్రం చదువుకున్న మనిషి గ్రీకు తత్వవేత్తతో ఎందుకు కూర్చోవాలి? ఒక సమాజం తన పిల్లలకు ఏం నేర్పాలి అన్న ప్రశ్న ఆ పుస్తకంలో ఉంది గనుక. ఇరవై ఏళ్లకు పైగా ఆయన జామియాలో చేసిన పనంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

1922లో పై చదువుకు జర్మనీ వెళ్లి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. వెర్నర్ సోంబార్ట్ వంటి అర్థశాస్త్రవేత్త దగ్గర చదువు. సిద్ధాంత వ్యాసం విషయం బ్రిటిష్ ఇండియాలో వ్యవసాయ భూమి ఏర్పాట్లు. అదీ పరాయి భాషలో, జర్మనులో రాయాలి. ఇంత బరువు నెత్తిన ఉన్న విద్యార్థి ఇంకో పుస్తకం ముట్టుకోకూడదనే మనం అనుకుంటాం. ఆయన అక్కడ చేసిన పని విని ఆశ్చర్యపోతాం. బెర్లిన్‌లో ఇరానీలు నడిపే కావియానీ ప్రెస్సు ఉండేది. ఆయనకు మీర్జా గాలిబ్ అంటే ప్రాణం. గాలిబ్ దీవాన్‌ను చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా, అందంగా వేయించాలని పూనుకున్నారు. డబ్బిచ్చి చేయించి ఊరుకోలేదు. కంపోజింగు పని నేర్చుకుని, తానే నిలబడి అక్షరాలు పేర్చారు. 1925లో ఆ పుస్తకం అచ్చయి వచ్చింది. 1926లో డాక్టరేటు వచ్చింది.

ఈ రెండు సంవత్సరాలను మన పిల్లలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. గాలిబ్ కోసం డాక్టరేటు ఆగలేదు, డాక్టరేటు కోసం గాలిబ్ ఆగలేదు. మన ఏలూరు తివాచీ నేసేవాళ్లకు ఈ సంగతి మనకంటే తేలిగ్గా అర్థమవుతుంది. పడుగు గట్టిగా బిగించకపోతే ముడి నిలవదు. పడుగు ఒక్కటే ఉంటే అది దారాల వరసే, తివాచీ కాదు. పరీక్ష చదువు పడుగు వంటిది. ఇష్టంతో చదివిన పుస్తకం దాని మీద పువ్వు వేసే ముడి.

1926లో తిరిగి వచ్చేసరికి జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీకి మారి ఉంది. డబ్బు లేదు, మూసేద్దామన్న మాటలు కూడా వచ్చాయి. స్నేహితులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్ గార్లతో కలిసి వచ్చిన ఆయన ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ఆ భారం భుజాన వేసుకున్నారు. ఇరవై ఏళ్లు పని చేస్తామని, నెలకు నూట యాభై రూపాయలకు మించి తీసుకోమని ఆయనా, సహచరులూ మాట ఇచ్చుకున్నారు. జర్మనీ డాక్టరేటుకు ఆ రోజుల్లో అంతకు ఎన్నో రెట్లు వచ్చేది. హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ వంటి పెద్దల అండతో, అప్పుల మధ్య ఆ సంస్థ నిలబడింది. 1948 వరకు ఆయన దాన్ని నడిపారు.

అంత పనిలో ఆయన చిన్నపిల్లల కోసం కథలు రాశారు. కొన్నింటికి రుఖయ్యా రైహానా అనే పేరు పెట్టుకున్నారు. అబ్బూ ఖాన్ మేక కథ ఉర్దూ చదివిన ఇళ్లలో చాలామందికి తెలుసు. కొండకు పారిపోయిన మేక, రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేసరికి పడిపోతుంది. ఒక విశ్వవిద్యాలయం నడిపే డాక్టరుకు మేక కథతో ఏం పని అని ఆయన అనుకోలేదు. సంతోషంగా చదివే పిల్లవాడే రేపు కష్టమైన పుస్తకం కూడా చదవగలడని ఆయనకు తెలుసు.

అలాగని ఆయన పుస్తకాల పురుగు కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ఏర్పాటు చేసిన విద్యా సమావేశం తర్వాత వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య మాతృభాషలో ఉండాలని, అది ఒక చేతిపని చుట్టూ నడవాలని ఆ కమిటీ చెప్పింది. వట్టి పుస్తకం బట్టీ పడితే చదువు కాదని ఆయన గట్టిగా నమ్మారు. ఆయనకు గులాబీ తోటలన్నా, శిలాజాలన్నా కూడా ఎంతో ఇష్టం.

తర్వాతి పదవులు దేశమంతా ఎరిగినవే. 1948 నుంచి 1956 వరకు అలీగఢ్ వైస్ ఛాన్సలరు, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. తాను పెంచిన జామియా ఆవరణలోనే ఆయన సమాధి ఉంది. అక్కడి గ్రంథాలయం ఆయన పేరునే నడుస్తోంది.

ఒక మాట అడిగేవాళ్లు ఉంటారు. ఆయన తండ్రి పేరున్న వకీలు, వెనక ఆస్తి ఉంది, ఒక ఏడాది పోయినా తట్టుకోగలిగారు, మా పిల్లలకు ఆ వీలు ఎక్కడిది అని. ఇది నిజమైన మాట, దీన్ని దాటవేయకూడదు. పరీక్ష నెలలో పిల్లవాడు పాఠం పక్కన పెట్టి నవల చదివితే తల్లిదండ్రులు వద్దనడం న్యాయమే. జాకిర్ హుస్సేన్ గారి జీవితం కూడా ఒప్పుకున్న పని ఎగ్గొట్టమని చెప్పదు.

కానీ మన ఇళ్లలో ఇంకో నిజం కూడా ఉంది. మన పిల్లల్లో చాలామంది చదువు మధ్యలోనే ఆగిపోతుంది. అబ్బాయి పనిలోకి పోతాడు, అమ్మాయికి నికా అవుతుంది. పరీక్ష కోసం మాత్రమే చదివినవాళ్ల చేతిలోంచి ఆ రోజుతో పుస్తకం జారిపోతుంది. ఇష్టంతో చదవడం అలవాటైన పిల్లకు బడి ఆగినా చదవడం ఆగదు. వెనక ఆస్తి లేనివాళ్లకే ఈ అలవాటు ఎక్కువ అవసరం. ఎందుకంటే తర్వాత వాళ్లకు నేర్పే మాస్టారు ఇంకెవరూ ఉండరు.

కాబట్టి మేము మన సభ్యులకు మనవి చేసేది చిన్న విషయమే. పరీక్షలప్పుడు పాఠాలకే ప్రాధాన్యం ఇవ్వండి. మిగతా రోజుల్లో రాత్రి భోజనం తర్వాత అరగంట పిల్లవాడి ఇష్టానికి వదిలేయండి. తెలుగు కథ కావచ్చు, ఉర్దూ గజల్ కావచ్చు, పత్రిక కావచ్చు, పరీక్షలో వస్తుందా అని మాత్రం అడగకండి. మన ఊళ్లో ప్రభుత్వ గ్రంథాలయాలు ఉన్నాయి, అబ్బాయితో పాటు అమ్మాయిని కూడా సభ్యురాలిగా చేర్పించండి. విద్యార్థులకు పాఠ్యపుస్తకాలు పంచే దాతలు ఆ కట్టలో సిలబసులో లేని పుస్తకం ఒక్కటైనా చేర్చితే ఎంతో మేలు. ఏ పుస్తకం ఏ పిల్లకు ఎప్పుడు దారి చూపిస్తుందో ముందుగా చెప్పడం మనవల్ల కాదు. దాన్ని ఆ పిల్ల చేతికి అందించడం మాత్రం మనవల్ల అవుతుంది.