రంగులరాట్నం పక్కన ఒక బల్ల

ఆర్నెల్లుగా మా ఇంట్లో ఒకటే పాట. పిల్లలిద్దరికీ డిస్నీలాండ్ చూడాలని ఉంది. అమెరికాలోది కాదు లెండి, అంత దూరం మనవల్ల ఎక్కడవుతుంది! హాంకాంగ్‌లో 2005లో ఒకటి తెరిచారు కదా, అదీ వాళ్ల కోరిక.

మాది ఆత్రేయపురం. మా ఆయన లెక్కల మేస్టారు. నేనూ, మా అత్తయ్యగారూ ఇంట్లోనే పూతరేకులు వేస్తాం. కింద మంట పెట్టి, బోర్లించిన కుండ మీద పలుచటి పిండిలో ముంచిన గుడ్డని ఇలా పరిచి అలా తీస్తే చాలు, రేకు క్షణంలో వచ్చేస్తుంది. ఆ రేకు తెచ్చే రూపాయి నిలవ పడటానికే ఏళ్లు పడుతుంది.

మేస్టారు కాబట్టి కాగితం తీసి లెక్కలు కట్టారు. అయిదుగురికీ విమానం, బస, తిండి, టికెట్లు కలిపి చూసేసరికి ఇద్దరికీ నోట మాట రాలేదు. చివరికి ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, ఆయన పిల్లల్ని తీసుకుని వెళ్లి రావడం, నేనూ అత్తయ్యగారూ ఇంటి దగ్గరే ఉండిపోవడం. రెండు, ఆయన జీవిత బీమా పాలసీ మీద అప్పు తేవడం. అదేమిటండీ అంటే, డిస్నీలాండ్ కట్టిన వాల్ట్ డిస్నీ అంతటివాడే బీమా మీద అప్పు తెచ్చి కట్టాడు, చూడటానికి మనం తెస్తే తప్పేమిటి అన్నారు.

సరే, ఆ మహానుభావుడి సంగతేమిటో చూద్దామని ఆయన జీవితచరిత్ర తెప్పించుకుని, మధ్యాహ్నం పొయ్యి ఆర్పాక రోజుకు కాస్త చదివాను. చదవడం పూర్తయ్యేసరికి మా లెక్క మొత్తం మారిపోయింది. ఎందుకు మారిందో చెప్పాలంటే ఆయన కథ చెప్పాలి మరి.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబర్ 5న అమెరికాలో షికాగో నగరంలో పుట్టాడు. నలుగురు మగపిల్లల్లో ఆఖరివాడు, తర్వాత ఒక చెల్లెలు. తండ్రి ఎలియాస్ చెయ్యని పని లేదు, ఒక్కటీ కలిసిరాలేదు. 1906లో మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలీన్ అనే చిన్న ఊళ్లో పొలం కొన్నారు. ఆవులు, పందులు, ఆపిల్ చెట్లు, ఊరి పక్కనుంచి పోయే రైలు... ఆ నాలుగైదేళ్లే వాల్ట్ బాల్యం. ఆ పొలమూ నిలవలేదు. అమ్ముకుని కాన్సాస్ సిటీకి చేరారు.

అక్కడ తండ్రి పేపర్లు వేసే ఏజెన్సీ తీసుకున్నాడు. వేసే పని వాల్ట్‌ది, అన్న రాయ్‌ది. మంచు పడుతున్నా సరే తెల్లవారుజామున లేవాల్సిందే. జీతమా, అదేమీ లేదు. ఇంటి పనికి జీతమేమిటి అనేవాడట తండ్రి. మనిళ్లలోనూ ఈ మాట విన్నవాళ్లు తక్కువేం కాదు! ఆ రోజుల్లో కాన్సాస్ సిటీలో ఎలక్ట్రిక్ పార్క్ అని దీపాల వెలుగుల్లో మెరిసిపోయే వినోదవనం ఒకటుండేది. అంతర్వేది తీర్థంలో రంగులరాట్నం చూసిన మన పిల్లల్లాగే ఆ వెలుగులు వాల్ట్ కళ్లలో ఉండిపోయాయి.

బొమ్మలు గీయడమంటే ప్రాణం. కుర్రతనంలోనే కాన్సాస్ సిటీలో సొంతంగా బొమ్మల సినిమాల కంపెనీ పెడితే అది 1923లో దివాలా తీసింది. జేబులో 40 డాలర్లతో హాలీవుడ్ రైలెక్కాడు. అక్కడ అన్న రాయ్‌తో కలిసి అదే ఏడాది అక్టోబర్‌లో స్టూడియో పెట్టాడు. తమ్ముడికి కలలు, అన్నకు ఖాతా పుస్తకం. జీవితాంతం అలాగే సాగింది. వాళ్ల దగ్గర బొమ్మలకు సిరా, రంగులు పూసే పనికి చేరిన లిలియన్‌ని వాల్ట్ 1925లో పెళ్లాడాడు.

1928లో పెద్ద దెబ్బ తగిలింది. బాగా పేరొచ్చిన ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మ మీద హక్కులు తనవి కావని తెలిసింది. కాగితాల ప్రకారం అవి పంపిణీదారుల చేతుల్లో ఉన్నాయి. పనివాళ్లలో చాలామంది కూడా అటే వెళ్లిపోయారు. అప్పుడు పుట్టిందే మికీ మౌస్. వాల్ట్ ముందు మార్టిమర్ అని పేరు పెడదామనుకుంటే, అది బాగోలేదని అడ్డుపడింది లిలియనే. 1928 నవంబర్ 18న మాటలూ, సంగీతంతో మికీ తెర మీదికి వచ్చింది. తర్వాతి కథ లోకమంతటికీ తెలుసు.

స్నో వైట్ సినిమా తీసేటప్పుడు ఇల్లు తాకట్టు పెట్టాడు. పిల్లల బొమ్మల్ని అంతసేపు ఎవరు చూస్తారని సినిమా ఊరంతా నవ్వింది. దాదాపు 15 లక్షల డాలర్లు ఖర్చయిన ఆ సినిమా 1937 డిసెంబర్ 21న విడుదలై బ్రహ్మాండంగా ఆడింది. చేతినిండా డబ్బొచ్చాక అన్నదమ్ములు చేసిన మంచి పనుల్లో ఒకటి, ముసలి తల్లిదండ్రులకు తమకు దగ్గరలోనే ఇల్లు కొనివ్వడం. ఆ ఇంట్లో వేడి కోసం పెట్టిన కొలిమి సరిగా లేక విషవాయువు వ్యాపించి 1938 నవంబర్‌లో తల్లి ఫ్లోరా చనిపోయింది. ఆ సంగతి వాల్ట్ తర్వాత ఎవరి దగ్గరా ఎత్తేవాడు కాదట. ఇది చదివిన రోజు నాకు సాయంత్రం వరకూ ఏ పనీ తోచలేదు.

ఆయనేమీ దేవుడు కాదు. 1941లో ఆయన స్టూడియోలో బొమ్మలు గీసేవాళ్లు జీతాల గురించీ, సంఘం గురించీ వారాల తరబడి సమ్మె చేశారు. అది తనకు చేసిన ద్రోహమనుకున్నాడే గానీ, వాళ్ల బాధ ఆయనకు అర్థం కాలేదు. పేపర్లు వేయించి జీతమివ్వని తండ్రి అక్కడ కొడుకులో కనిపించాడేమో అనిపించింది నాకు.

ఇక అసలు సంగతికొస్తాను. వాల్ట్‌కు ఇద్దరు కూతుళ్లు, డయాన్, షారన్. షారన్ పెంచుకున్న పిల్ల. ఎంత పనున్నా సెలవు రోజున ఇద్దర్నీ లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్క్‌కి తీసుకెళ్లేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి గిరగిరా తిరుగుతుంటే, తను పక్కన బల్ల మీద కూర్చుని వేరుశెనక్కాయలు తింటూ చూస్తుండేవాడు. అలా కూర్చున్నప్పుడే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఎదురు చూడటమేమిటి, తల్లీ తండ్రీ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఎందుకు ఉండకూడదు అని.

అప్పట్లో అమెరికాలో అలాంటి వినోద స్థలాలు చాలావరకు మురికిగా, కుటుంబంతో వెళ్లడానికి జంకేలా ఉండేవి. అలాంటిది నువ్వెందుకు కట్టడమని లిలియన్ నిలదీసింది. అలా ఉండనిది కడతాననే ఆయన జవాబు. 1951లో డెన్మార్క్ వెళ్లి కోపెన్‌హాగెన్‌లోని టివోలీ తోట చూశాక ఆయనకు నమ్మకం కుదిరింది. శుభ్రంగా, పూలమొక్కలతో, దీపాలతో, ఇంటిల్లిపాదీ తిరిగేలా ఉంది అది.

డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అన్న రాయ్‌కీ మొదట ఇష్టం లేదు. అప్పుడే వాల్ట్ జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. పామ్ స్ప్రింగ్స్‌లో సెలవులకు వెళ్లే ఇల్లు అమ్మేశాడు. చివరికి ఏబీసీ టెలివిజన్ కంపెనీ 5 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టి, మరో 45 లక్షల అప్పుకు పూచీ ఉంది. అనహైమ్ అనే చోట 160 ఎకరాల నారింజ తోటలు కొని ఏడాదిలో కట్టేశారు. మొత్తం ఖర్చు 1 కోటీ 70 లక్షల డాలర్లు.

1955 జూలై 17న తెరిచారు. ఆ రోజు అన్నీ అపశ్రుతులే. దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడిపోయాయి. గొట్టాల పనివాళ్ల సమ్మె వల్ల మంచినీళ్ల కుళాయిలా, మరుగుదొడ్లా అని ఎంచుకోవాల్సి వస్తే వాల్ట్ మరుగుదొడ్లే ముందన్నాడు. పిల్లల తల్లిగా నేనూ అదే అనేదాన్ని! అయినా ఆ సెప్టెంబర్ ముగిసేలోపే 10 లక్షల మంది వచ్చి చూశారు. పెద్దలకు ప్రవేశం 1 డాలర్, పిల్లలకు 50 సెంట్లు. లోపల ఒక్కొక్క ఆటకూ మళ్లీ విడిగా డబ్బులు. గేటు దగ్గర తక్కువే, లోపలే ఎక్కువ. ఈ కిటుకు ఇల్లాళ్లు గుర్తు పెట్టుకోవాలి.

ఆ పార్కులోనే ఫైర్ స్టేషన్ మేడ మీద చిన్న గది కట్టించుకుని వాల్ట్ కుటుంబంతో ఉండి వెళ్తుండేవాడు. కిటికీలోంచి జనాన్ని చూడటం ఆయనకు సరదా. ఎడతెగని సిగరెట్లు ఊపిరితిత్తుల్ని తినేశాయి. 1966 డిసెంబర్ 15న, 65వ పుట్టినరోజు దాటిన పది రోజులకు క్యాన్సర్‌తో పోయాడు. అప్పటికి మొదలుపెట్టిన ఫ్లోరిడా పార్కును అన్న రాయ్ విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో నెత్తినేసుకుని, 1971 అక్టోబర్ 1న తమ్ముడి పూర్తి పేరుతో తెరిచాడు. ఆ డిసెంబర్‌లోనే తనూ కన్నుమూశాడు. ఆ గది కిటికీలో దీపం ఇప్పటికీ వెలుగుతూనే ఉంటుంది. గ్రిఫిత్ పార్క్ బల్లల్లో ఒకదాన్ని కూడా తెచ్చి ఆ పార్కులో దాచారు.

పుస్తకం మూసి మా ఆయనతో చెప్పాను. ఆయన చెప్పిన మొదటి దారిలో ఆ బల్ల మీద కూర్చునేది నేనూ అత్తయ్యగారే. ఎవరూ బల్ల మీద మిగిలిపోకూడదని కట్టిన చోటికి ఇద్దర్ని వదిలేసి వెళ్లడమేమిటి? ఇక రెండో దారి. డిస్నీ అప్పు తెచ్చి కట్టింది రోజూ డబ్బులొచ్చే పార్కు. మనం తెచ్చేది నాలుగు రోజుల్లో అయిపోయే సరదాకి. పాలసీ పిల్లల చదువుకి దాచింది, దాన్ని కదపొద్దన్నాను. ఆయన లెక్కల మేస్టారు కాబట్టి తొందరగానే ఒప్పుకున్నారు.

ఇప్పుడు మా లెక్క ఇదీ. అక్కడ పిల్లల టికెట్ 11 ఏళ్ల వరకే. మా అమ్మాయికి ఇప్పుడు 10. అంటే 12 నిండేలోపు వెళ్లాలి, అంతకన్నా ఆలస్యమైతే పెద్దల టికెట్టే. 60 దాటినవాళ్లకు విడిగా తక్కువ ధర ఉంది కాబట్టి అత్తయ్యగారి టికెట్ అనుకున్నంత బరువు కాదు. అక్టోబర్ మొదటి వారం చైనావాళ్లకు జాతీయ సెలవులు, జనం కిటకిటలాడతారు. అది దాటాక పిల్లలకు దసరా సెలవులు ఉండే రోజులు చూసుకుంటాం. బస పార్కు హోటల్లో కాకుండా ఊళ్లోనే. సన్నీ బే స్టేషన్‌లో మారితే, మికీ తల ఆకారంలో కిటికీలున్న రైలు తిన్నగా పార్కు గుమ్మంలో దింపుతుంది. మనవాళ్లు బయల్దేరే ముందే ఇంటర్నెట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, దానికి రుసుము లేదు. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్ల డబ్బు ఇంట్లో కలపకుండా పోస్టాఫీసులో నెలనెలా కడుతున్నాను. చీరలు ఈ ఏడాదికి బంద్.

అత్తయ్యగారే ముందు ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులతో నేనేం ఆడతాను, ఆ డబ్బు పిల్లలకు పెట్టండన్నారు. నేను ఆ బల్ల కథ చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు రావులపాలెం వెళ్లి పాస్‌పోర్టు ఫొటో దిగొచ్చారు.

పాస్‌పోర్టు ఆఫీసులో ఆవిడ వేలిముద్రలు ఓ పట్టాన పడలేదు. నలభై ఏళ్లుగా వేడి కుండ మీద రేకులు తీసిన వేళ్లవి, గీతలెక్కడ మిగులుతాయి! గుడ్డతో తుడిచి మళ్లీ మళ్లీ పెట్టించారు. నాలుగోసారికి పడ్డాయి. బయటికొచ్చాక ఆవిడ నన్నడిగిన మొదటి ప్రశ్న, అక్కడి రంగులరాట్నం మీద గుర్రం చీర కట్టుకుని ఎక్కడానికి వీలుగా ఉంటుందా అని.