కలియుగ భీముని నడికట్టు

ఉత్తరాంధ్ర పల్లెలలో గుడిముందో, రచ్చబండ ప్రక్కనో నునుపుతేలిన పెద్ద గుండు ఒకటి పడి ఉండుట ఒకప్పుడు పరిపాటి. దానిని సంగిడి అందురు. పండుగనాడు పడుచువాండ్రు పంతము పట్టి దానిని భుజము మీది కెత్తుదురు. ఎత్తబోయి నడుము పట్టి కూలబడినవారును లేకపోలేదు. బరువు పట్టుకొనునవి చేతులే కావచ్చును గాని, దానిని మోయునది నడుము. ఈ సంగతిని దేహముతో నిరూపించి దేశాంతరములలో సైతము పేరుగాంచినవారు ఆ సీమలోనే పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు.

ఆయన 1882లో వీరఘట్టములో జన్మించినారు. ఆ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. పసితనముననే తల్లి గతించుటచే, విజయనగరములోని పినతండ్రి నారాయణస్వామిగారి పంచన పెరిగినారు. బడి చదువుకంటె తాలింఖానా ఆయన కెక్కువ రుచించినది. దండీలు, బస్కీలు, కుస్తీపట్లు అక్కడ అలవడినవి. పిమ్మట మద్రాసు చేరువనున్న సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరములోనే పిల్లలకు కసరత్తు నేర్పు పంతులుగా కుదిరినారు. ఆయన మొదట ఉపాధ్యాయులు, పిదపనే మల్లులు. లోకము ఈ వరుసను మరచినది.

పొట్టి పంతులుగారి తోడ్పాటుతో సర్కసు కంపెనీ నెలకొల్పిన తరువాత ఆయన జీవితమంతయు డేరాలనుండి డేరాలకు సాగినది. రొమ్మున చుట్టిన ఉక్కుగొలుసును ఊపిరి పూరించి తెంచుట, రొమ్ముమీద పలక పరపించుకొని దానిపై ఏనుగును నిలుపుట, రెండు మోటారుకార్లను చెరియొక దిక్కునకు పోనీయక పట్టియుంచుట ఆ ప్రదర్శనలలో పేరెన్నిక గన్నవి. 1905 నుండి 1910 వరకు వైస్రాయిగా ఉన్న మింటో ప్రభువు స్వయముగా కారు నడిపి చూచినను అది కదలలేదని చెప్పుకొందురు. మదనమోహన మాలవ్యాగారి ప్రోత్సాహముతో లండను వెళ్లి, అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ప్రదర్శన లిచ్చినారు. ఇండియన్ హెర్క్యులస్ అని అక్కడివారు, కలియుగ భీముడని మనవారు కొనియాడినారు.

ఆ కాలముననే యూజిన్ శాండో అను జర్మను బలశాలి మన దేశమున పర్యటించి పోయినాడు. ఒక్కొక్క కండను విడివిడిగా పొంగించి, శిలావిగ్రహము వలె నిలిచి చూపుట అతని విద్య. రామమూర్తిగారిని ఇండియన్ శాండో అని పిలిచిరి గాని ఆ పోలిక అంతగా అతకదు. శాకాహారియైన ఈయన బలము కంటికి కనబడు చోట లేదు.

కార్లను పట్టిన విధమునే విచారింపుడు. అక్కడ రెండు చేతులును కొక్కెములు మాత్రమే. ఇరువైపుల లాగుడును ఎదుర్కొనవలసినది ఆ చేతులను కలుపు మొండెము. అది ఇసుమంత మెలిపడినను పట్టు జారును. ఏనుగు విషయమున పలక కొంత మేలు చేయును, భారమును ఒక్కచోట గుచ్చక పరచివేయును. కాని ఆ పరచిన భారమునకు రొమ్ము లొంగక నిలువవలెను గదా! దానికి ఆయన నమ్ముకొన్నది ప్రాణాయామము.

ఊపిరి నిండుగా పీల్చినప్పుడు, రొమ్మునకును పొట్టకును నడుమ గొడుగువలె పరచుకొన్న ఉదరవితానము క్రిందికి దిగును. అదే క్షణమున పొట్టచుట్టు నడికట్టువలె అల్లుకొన్న లోపలి కండరములు, వెన్నుప్రక్కనున్నవి, కటి అడుగుభాగమున ఉన్నవి బిగిసినచో, లోని ఒత్తిడి పెరిగి వెన్నెముకకు ఊతమగును. వట్టి గోనె నిలువదు, ధాన్యము కూరిన బస్తా నిలుచును. నేటి వైద్యులు చెప్పు మాటయు ఇదియే. పొడుచుకొని కనబడు పొట్టకండలకంటె ఈ లోపలి కట్టు ముఖ్యము. బిందె ఎత్తు ఇల్లాలికిని, నాట్లువేయు కూలికిని, తూలిపడుదునేమోయని వెరచు వృద్ధునకును అక్కరకు వచ్చునది ఇదే. దీర్ఘకాలపు నడుమునొప్పి కలవారికి ఈ సాధన ఉపశమన మిచ్చుట కలదు. అయితే తక్కిన వ్యాయామము లన్నిటికంటె ఇదే మిన్న యనుట అతిశయోక్తి. రక్తపు పోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువు లెత్తుట కేవలము సాహసము. డేరాలో చూచినది ఇంటిలో అనుకరింపదగినది కాదు.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఆయన వ్యాయామ మాస్టరుగా పదిమంది పిల్లలచేత చేయించినది లోకమునకు పట్టలేదు. డేరాలో ఒక్కరుగా చేసినది కథలై మిగిలినది. కొందరు మంత్రశక్తి యనిరి, కొందరు దైవాంశ యనిరి. మహిమ యని నమస్కరించినవాడు మరునాడు లేచి దండీలు తీయడు. దేశపు యువకులు బలిష్ఠులు కావలెనని కోరిన ఆ మహానుభావునికి, ఆర్జించినదంతయు దానధర్మములకు పోగా, మిగిలినది చప్పట్లు. శ్రీకాకుళపు స్టేడియమునకు ఆయన పేరు పెట్టినారు. విశాఖ సముద్రతీరమున విగ్రహము నిలిపినారు.

చివరి దినములలో కాలికి పుండు లేచి ముదిరినది. ఆ కాలు తీసివేయక తప్పలేదు. శస్త్రచికిత్సవేళ క్లోరోఫారము వలదని, ఊపిరిని నిగ్రహించుకొని బాధను ఓర్చినారని ఆంధ్రదేశమున నేటికిని చెప్పుకొందురు. ఏనుగును మోసిన దేహము అటుపిమ్మట ఒంటికాలిపై ఆనవలసి వచ్చినది. 1942లో, స్వస్థలమునకు దూరముగా, ఒరిస్సాలోని బలంగీరులో ఆయన కన్నుమూసినారు.