వంటింటి భాషను రంగస్థలం ఎక్కించిన ఎయిస్ క్రీగ

మన తరం వారికి దక్షిణాఫ్రికా అనగానే గాంధీగారిని రైలు నుంచి దింపివేసిన పీటర్ మారిట్జ్‌బర్గ్ స్టేషను, ఆ తరువాత నెల్సన్ మండేలా గుర్తుకు వస్తారు. ఆఫ్రికాన్స్ భాష అంటే వర్ణవివక్ష ప్రభుత్వమే మనసులో మెదులుతుంది. అది సహజమే. ఆ ప్రభుత్వాన్ని నడిపినవారి భాష అదే. అయితే ఆ భాషను ప్రాణంగా ప్రేమిస్తూనే ఆ ప్రభుత్వ విధానాన్ని ఎదిరించిన కవి, నాటకకర్త, అనువాదకుడు ఒకాయన ఉన్నారు. ఆయనే ఎయిస్ క్రీగ.

క్రీగ 1910 ఫిబ్రవరి 4న కేప్ ప్రాంతంలోని స్వెలెండమ్ పట్టణానికి సమీపంలో జన్మించారు. డచ్ వలసదారుల భాష బానిసల, స్థానికుల నోళ్లలో నలిగి ఆఫ్రికాన్స్‌గా మారింది. చదువుకున్నవారు చాలాకాలం దాన్ని వంటింటి భాష అని చిన్నచూపు చూశారు. 1925లో గాని దానికి అధికార భాష హోదా రాలేదు. అప్పటికి క్రీగ వయసు 15 ఏళ్లు. అంటే భాషా, ఆయనా కలిసి పెరిగారన్నమాట.

స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, కొద్దికాలం పత్రికలో పనిచేసి, 1931లో ఐరోపాకు వెళ్లారు. ఫ్రాన్సులో టూలాన్ జట్టు తరఫున రగ్బీ ఆడారు. దక్షిణాఫ్రికా ఆంగ్లకవి రాయ్ క్యాంబెల్ కుమార్తెలకు పాఠాలు చెప్పారు. ఫ్రెంచి, స్పానిష్ భాషలు ప్రజల మధ్య ఉండి నేర్చుకున్నారు. 1935లో స్వదేశానికి తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు క్యాంబెల్ ఫ్రాంకో పక్షం వహిస్తే, క్రీగ ప్రజాప్రభుత్వం పక్షాన నిలిచారు.

1937లో ప్రముఖ రంగస్థల నటి లిడియా లిన్డెక్‌ను వివాహమాడారు. 1938లో 'మాగ్డలీనా రెటీఫ్' నాటకం వెలువడింది. శతాబ్దం క్రితం ఎడ్లబండ్లపై లోపలి ప్రాంతాలకు తరలిపోయిన బోయర్ల నాయకుడు పీట్ రెటీఫ్. 1838లో జూలూ రాజు డింగానే మనుషుల చేతిలో ఆయన మరణించారు. నూరేళ్ల ఉత్సవాలతో దేశమంతా ఊగిపోతున్న ఆ రోజుల్లో క్రీగ తన నాటకాన్ని నాయకుడి పేరుతో గాక ఆయన భార్య పేరుతో రాశారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆయన యుద్ధ విలేఖరి. 1941 నవంబరులో ఉత్తర ఆఫ్రికాలోని సిది రెజెగ్ పోరులో పట్టుబడి, సుమారు రెండేళ్లు ఇటలీలో ఖైదీగా గడిపారు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక తప్పించుకుని, కొండలు దాటి మిత్రసేనలను చేరారు. దారిలో ఆయనకు అన్నం పెట్టి, దాచి కాపాడినది పేద ఇటాలియన్ రైతులే. శత్రుదేశపు మనుషులు చూపిన ఆ దయ మీదనే 1946లో 'ది వే ఔట్' అనే పుస్తకం రాశారు. ఆ తరువాత రాసిన ఏకాంకికలలోనూ యుద్ధం ముఖ్య వస్తువైంది.

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. కేప్ ప్రాంతంలోని మిశ్రజాతి ప్రజల ఓటుహక్కు తొలగించడానికి పూనుకుంది. ఆ ప్రజలలో అత్యధికుల ఇంటిభాష ఆఫ్రికాన్సే! మాజీ సైనికుడు సెయిలర్ మలాన్ తదితరులతో కలిసి క్రీగ దానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. ఓటుహక్కు మాత్రం నిలవలేదు.

ఇక అనువాదాలు. ఆఫ్రికాన్స్‌లో 'హామ్లెట్' 1947లోనే రంగస్థలం ఎక్కింది. క్రీగ 1967లో 'ట్వెల్త్ నైట్', 1971లో 'కింగ్ లియర్' అనువదించారు. స్పానిష్ రచయిత లోర్కాను కూడా తన భాషలోకి తెచ్చారు. కథను చదువుకునేవారు అర్థం కాకపోతే మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు. నాటకంలో ఆ వీలు లేదు. మాట నటుడి నోట పలకాలి, వెనుక వరుసలో కూర్చున్నవారికి ఒక్కసారికే అందాలి. పొలంలో, వంటింట్లో పలికే మాటలతోనే రాజు దుఃఖాన్ని వినిపించాలి. కూతుళ్లకు రాజ్యం పంచి ఇచ్చి, ఆపై తలదాచుకునే చోటు లేక వానలో నిలిచిన తండ్రి కథ మనలాంటి విశ్రాంత ఉద్యోగులకు విడమరచి చెప్పనక్కరలేదు. 'లియర్' అనువాదం వెలువడేనాటికి క్రీగకు 61 ఏళ్లు.

1974లో కవిత్వానికి హెర్ట్‌జోగ్ పురస్కారం వచ్చింది. నాటకాలకు అదే పురస్కారం రావడానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది. ఈ రెండు సన్మానాల నడుమ, 1976లో, బడులలో ఆఫ్రికాన్స్ మాధ్యమాన్ని బలవంతంగా రుద్దినందుకు సొవెటోలో నల్లజాతి విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. పోలీసు కాల్పుల్లో పిల్లలు చనిపోయారు. ఒక కవి జీవితమంతా పెంచిన భాష ఆ పిల్లలకు అణచివేతకు గుర్తుగా మిగిలింది.

క్రీగ 1987 ఆగస్టు 10న, తన 77 ఏళ్ల వయసులో, హెర్మానస్ సమీపంలో కన్నుమూశారు. మండేలా విడుదలను ఆయన చూడలేదు. 1996 రాజ్యాంగం ఆఫ్రికాన్స్‌ను రద్దు చేయలేదు. 11 అధికార భాషలలో ఒకటిగా, మిగిలిన వాటి పక్కన కూర్చోబెట్టింది. నేడు ఆ భాష మాట్లాడేవారిలో సగానికి పైగా తెల్లవారు కానివారే. భాషను ఇతరుల నెత్తిన రుద్దినవారు అధికారం కోల్పోయారు. లోకంలోని మంచి నాటకాలను ఆ భాషలోకి ఆహ్వానించిన క్రీగ కృషి మాత్రం మిగిలింది. మాతృభాషను అభిమానించే మనమంతా, ముఖ్యంగా మన పిల్లలు, ఆయన జీవితాన్ని తెలుసుకోవడం మంచిది.