ఆచార్య రంగా: పల్లెను చదివిన పండితుడు

వ్యవసాయ వ్యాపారమును, గ్రామీణార్థశాస్త్రమును చదువగోరు ఇబ్రహీంపట్నపు రైతుబిడ్డ దూరదేశములకు పోనక్కరలేదు. అతని రంగారెడ్డి జిల్లాలోనే, రాజేంద్రనగరమున, ఆ విద్యకు పీఠములు కలవు. 1964లో అచట వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసెను. మేనేజ్ అను జాతీయ సంస్థ 1996 నుండి అచటనే వ్యవసాయ వ్యాపార నిర్వహణమును బోధించుచున్నది. అదే సంవత్సరమున విశ్వవిద్యాలయమునకు ఆచార్య ఎన్. జి. రంగాగారి పేరు పెట్టబడెను. 2014లో రాష్ట్రము రెండయిన పిదప రాజేంద్రనగరపు విద్యాపీఠము ఆచార్య జయశంకరుగారి పేరు వహించెను. రంగాగారి పేరు గుంటూరు సీమయందలి విశ్వవిద్యాలయమునకు నిలిచెను. పేరు మారినందుకు మాకు విచారము లేదు. ఆ పేరు ఏ విద్యకు గురుతో ఆ సంగతి మరుగున పడునేమో యనియే మా విచారము. జిల్లాకు పేరిచ్చిన మహనీయులు కొండా వెంకట రంగారెడ్డిగారు. మేము నేడు తలచుకొనునది మరియొక రంగాగారిని.

గోగినేని రంగనాయకులుగారు 1900 నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలున, రైతుకుటుంబమున జన్మించిరి. 1855లో బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఆ పడమటి డెల్టా వరిచేలతో పచ్చబడెను. పంటతోబాటు శిస్తు పెరిగెను, నీటితీరువ వచ్చెను, అప్పు ఇంట చేరెను, దళారి వాకిట నిలిచెను. గాదెలు నిండినను చేతులు ఖాళీగా నుండు వింతను కన్న సీమ అది. రంగాగారు పుట్టి పెరిగినది ఆ నేలమీదనే.

గుంటూరున కళాశాల విద్య నెరపి 1920లో ఆయన ఆక్సుఫర్డు చేరిరి. ఆ దినములలో సముద్రము దాటిన మన యువకులలో పెక్కండ్రకు న్యాయవాద వృత్తిమీదనో, సర్కారు కొలువుమీదనో దృష్టి. ఈ రైతుబిడ్డ అర్థశాస్త్రమును వరించి, బి.లిట్. పట్టముతో 1926లో మరలివచ్చిరి. మదరాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆచార్య యను మాట నాటినుండి ఆయన పేరులో భాగమయ్యెను.

పల్లెను చదువవచ్చునను తలంపు అప్పటికి కొత్తదే. 1915లో మదరాసు విశ్వవిద్యాలయమునకు భారత అర్థశాస్త్రాచార్యులుగా వచ్చిన గిల్బర్టు స్లేటరు దొర, తన విద్యార్థులను సెలవులలో తమ తమ యూళ్లకు పంపి, అచటి బ్రదుకుతెరువులను విచారించి వ్రాయించెను. ఆ విచారణల గ్రంథము 1918లో వెలువడెను. రంగాగారు ఆ దారినే ఇంకను ముందుకు సాగించిరి. భారత గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చిన వారి ఆంగ్ల గ్రంథపు మొదటి సంపుటము డెల్టా పల్లెలను గూర్చినది, 1926లో ప్రకటింపబడినది. చేనేత పరిశ్రమపై వారి పుస్తకము 1930లో వెలువడెను. విలాయతులో నేర్చినది విచారణ పద్ధతి; విచారణకు ఎన్నుకొన్న విషయము మన ఊరు, మన మగ్గము. ఈ రెంటి కలయికయందే రంగాగారి చదువు విలువ కలదని మా అభిప్రాయము.

ఆ చదువునకు పరీక్ష త్వరలోనే వచ్చెను. 1929లో లోకమంతట ఆర్థికమాంద్యము క్రమ్మి ధాన్యపు ధరలు కుప్పకూలెను. ఆ కాలముననే ప్రభుత్వము కృష్ణా గోదావరి డెల్టాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అనగా నూటికి 18¾ వంతున, హెచ్చింప దలచెను. ఇందలి అన్యాయమును చూపుటకు చిన్న లెక్క చాలును. పది రూపాయల శిస్తు కట్టవలసిన రైతు నొకని తలపోయుడు. బస్తా ఐదు రూపాయలున్నపుడు రెండు బస్తాలమ్మిన బాకీ తీరును. ధర రెండున్నరకు పడినచో నాలుగు బస్తాలమ్మవలెను. సర్కారు కాగితముపై శిస్తు ఒక దమ్మిడీయు పెరుగలేదు. రైతు గాదెలో మాత్రము రెట్టింపయ్యెను. దానిమీద మూడణాల హెచ్చు! కచేరి అంకెలకును గాదె అంకెలకును గల ఈ యంతరమును రైతునకు అతని మాటలలో విడమరచి చెప్పగల విద్వాంసుడు నాడు కావలసి యుండెను. రంగాగారు ఆ పని చేసిరి. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయి, ఆచార్య పీఠమును వీడి, రైతు మహాసభల వేదిక నెక్కిరి. పలుమారులు చెరసాలకు పోయిరి.

1930ల నడుమ స్వగ్రామమైన నిడుబ్రోలున రైతు విద్యాలయమును నెలకొల్పిరి. అర్థశాస్త్రమును, రాజ్యవ్యవహారమును, రైతు హక్కులను తెలుగున బోధించి కార్యకర్తలను తీర్చుట దాని పని. పల్లెనుండి విశ్వవిద్యాలయమునకు పోయినవారు ఎందరో కలరు. విశ్వవిద్యాలయమును పల్లెకు తెచ్చినవారు అరుదు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినపుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగాగారు కార్యదర్శి. జమీందారీ రైతుల పోరాటమునకు ఆయన మ్రోయించిన భేరి 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టమునకు త్రోవచేసిన శబ్దములలో నొకటి.

స్వరాజ్యానంతరము వారి రాజకీయ ప్రయాణము సూటిగా సాగలేదు. కాంగ్రెసును వీడి 1951లో కృషికార లోకపార్టీ స్థాపించిరి. మరల కాంగ్రెసున చేరిరి. 1959లో నాగపురమున కాంగ్రెసు ఉమ్మడి సేద్యమునకు తీర్మానింపగా, రైతు తన చేనిపై హక్కును కోల్పోవునని భయపడి బయటకు వచ్చి, రాజాజీతో కూడి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులైరి. పరపతికిని అమ్మకమునకును సహకారము కావలెను, సేద్యము మాత్రము కుటుంబముదే కావలెను అనునది వారి పట్టు. తుదకు తిరిగి కాంగ్రెసు గూటికే చేరిరి. 1991 వరకు, నడుమ విరామములున్నను, చట్టసభలలో నుండి, 1995 జూన్ 9వ తేదీన కన్నుమూసిరి.

పొగడ్త యొక్కటే జీవితచరిత్ర కాజాలదు. రంగాగారి కన్నులయందు నిలిచిన రైతు ముఖ్యముగ సొంత భూమిగల సేద్యగాడు. కౌలుదారుడు, కూలివాడు ఆ చిత్రమున అంచులకు జరిగిరని విమర్శకులు పలికిరి. ఆ విమర్శను మేము త్రోసివేయజాలము. ఆ లోపము ఆయనతో పోలేదు. 2018లో తెలంగాణమున ఆరంభమైన రైతుబంధు సాయము పట్టాదారుని చేరెనే గాని, అతని చేను దున్నిన కౌలుదారుని చేరలేదు. కావున నేటి విద్యార్థి రంగాగారి పద్ధతిని గైకొని, వారి దృష్టి చేరనిచోటికిని దానిని కొనిపోవలెను.

ఇక ఇబ్రహీంపట్నము మాట. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు ఆ యూరికి ప్రాణము. డెల్టా కాలువల లెక్క వేరు, దక్కను చెరువుల లెక్క వేరు. ఇపుడు మహానగరము వాకిటికే వచ్చినది. ప్రక్కనున్న ఆదిభట్లలో విమానభాగముల కర్మాగారము, కంప్యూటరు కొలువులు వెలసినవి. చేలు ఇండ్ల స్థలములగుచున్నవి. ఎకరము ధర పెరిగిన కొలది ఆ ఎకరమున కూరగాయలు పండించుట తెలివిమాలిన పనిగ తోచును. ఇచటి రైతును నేడు పీడించునది మూడణాల శిస్తు కాదు, భూమి వెల. వ్యవసాయ వ్యాపార పట్టము పొందిన యువకుడు ఈ లెక్క విప్పకున్నచో ఇంకెవరు విప్పుదురు?

మా విన్నపము స్వల్పము. రాజేంద్రనగరమున చదువు ప్రతి పల్లెబిడ్డయు, సెలవులలో ఇంటికి వచ్చినపుడు ఒక చిన్న పుస్తకము తెరచి, తన యూరి లెక్క వ్రాయవలెను. టమాట గంప చేను వదలి నగరపు వంటయింటికి చేరువరకు ఎవరి చేతికెంత ముట్టెను? కౌలు ఎంత, కూలి ఎంత, వడ్డీ ఎంత? చెరువు నిండిన యేడు ఎన్ని ఎకరములు పారెను, ఎండిన యేడు ఎందరు నగరమునకు కూలికి పోయిరి? ఆ లెక్కను రచ్చబండవద్ద పెద్దలకును, తోటివారికిని తెలుగున చదివి వినిపింపవలెను. పట్టము చేతికి వచ్చినంతనే ఊరిని మరచువాడు తన యొక్కని బ్రదుకు దిద్దుకొనును; తన యూరి లెక్కను ఊరికి అప్పగించినవాడు రంగాగారి శిష్యుడగును. విశ్వవిద్యాలయపు ద్వారముపై ఎవరి పేరున్నను ఆ శిష్యరికమునకు అడ్డు లేదు.